85 పక్కన ఆ ‘కె’ ఏమిటమ్మా?

(బరంపురంలో తెలుగువాళ్ళ కోసం పెట్టిన ఆదివారపు కంప్యూటర్ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలో ఇంతమంది వచ్చారంటే చార్టుల మీద ప్రేమ కాదు, కింద హోటల్లోంచి వస్తున్న వడల వాసనే కారణమని నాకు తెలుసు. అవి పదకొండున్నరకి. అప్పటిదాకా నా మాటలు వినక తప్పదు.

నేను ఒక జీడిపప్పు కొట్టుకి నెలనెలా లెక్కల రిపోర్టు చేసి పెడతాను. మొదటి నెల పవర్ బీఐ అనే చార్టుల సాఫ్ట్‌వేర్‌లో రంగురంగుల చార్టు వేసి, ప్రింటు తీసి, ఆ కొట్లో 40 ఏళ్ళుగా చిట్టా రాస్తున్న బాబాయి గారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, “ఏటమ్మా ఇది, గుణుపురం పార్టీకి 85 కిలోలేనేటి? బస్తాలకి బస్తాలు పంపేం కదా” అన్నారు. అది సరుకు కాదు, బాకీ. 85 వేల రూపాయలు. సాఫ్ట్‌వేర్ వేలని తనే కుదించేసి 85 పక్కన ఇంగ్లిషు ‘కె’ తగిలించింది. నేను చూసుకోలేదు. జీడిపప్పు కొట్లో కె అంటే కిలో కాక ఇంకేమవుతుంది?

అప్పటి నుంచి నాది ఒకటే పరీక్ష. చార్టు ప్రింటు తీసి బాబాయి గారికిచ్చి, “కాస్త పైకి చదవండి” అంటాను. ఆయన నోరు ఎక్కడ తడబడితే అక్కడ లేబులు బాగోలేదన్నమాట. ఇవాళ నేను చెప్పేవన్నీ ఆయన తడబడిన చోట్లే.

ముందు కామాల సంగతి. బోర్డు మీద 2011 జనాభా లెక్కలు రాశాను చూడండి. గంజాం జిల్లా 35,29,031. గజపతి 5,77,817. కొరాపుట్ 13,79,647. రాయగడ 9,67,911. ఇవి మీరు గడగడా చదివేస్తారు. అదే గంజాం అంకెని 3,529,031 అని రాస్తే? కళ్ళు కుడి నుంచి ఎడమకి వెళ్ళి, ఒకట్లు, పదులు, వందలు అని లెక్కపెట్టుకుని వెనక్కి రావాలి. చాలా సాఫ్ట్‌వేర్లు మొదట ఇచ్చేది ఆ మిలియన్ల కామాలే. విండోస్‌లో రీజియన్ సెట్టింగులకి వెళ్ళి అంకెల గుంపుల దగ్గర 12,34,56,789 అన్నది ఎంచుకుంటే ఎక్సెల్ దాన్నే పాటిస్తుంది. గూగుల్ షీట్స్‌లో అయితే ఫైలు సెట్టింగుల్లో లొకేల్, అంటే దేశం, ఇండియాకి మార్చాలి. ఎక్సెల్ దగ్గర తిరకాసు ఏమిటంటే, ఆ సెట్టింగు ఫైలుది కాదు, కంప్యూటర్‌ది. మీరు పంపిన ఫైలు ఇంకొకరి దగ్గర తెరిస్తే మళ్ళీ మిలియన్లే.

అందుకని కొందరు ఫార్మాట్‌నే, అంటే గడిలో అంకె ఎలా కనబడాలో చెప్పే సూత్రాన్నే, ఇలా రాసి పెడతారు:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

కోటి దాటితే ఒక తీరు, లక్ష దాటితే ఒక తీరు, మిగతావన్నీ మామూలు తీరు. బానే ఉంటుంది, నష్టం వచ్చేదాకా. ఎక్సెల్ ఇలాంటి షరతులు రెండే పెట్టనిస్తుంది. మైనస్ అంకె ఆ రెంటిలో దేనికీ దొరకదు కాబట్టి జారి మూడో తీరులో పడుతుంది. మైనస్ పాతిక లక్షలు -2,500,000 అని కనిపిస్తుంది. లాభం మన ఊళ్ళో, నష్టం విలాయతీలో! ఈ ఫార్మాట్ వాడాలంటే నష్టాలకి వేరే వరస పెట్టుకోండి.

నాకు ఇష్టమైన కిటుకు ఇంకొకటుంది. చిన్నది. ఎక్సెల్ ఫార్మాట్ చివర ఒక కామా పెడితే అంకెని వెయ్యితో భాగించి చూపిస్తుంది. లక్షతో భాగించే గుర్తు లేదు. కానీ 0\.00, అని రాసి చూడండి. చివరి కామా వెయ్యితో భాగిస్తుంది, మధ్యలో చుక్క ఉత్తి అలంకారంగా వచ్చి కూర్చుంటుంది. 3529031 కాస్తా 3529 అయి, చుక్క పడి 35.29 అవుతుంది. అంటే 35.29 లక్షలు! గజపతి 5.78, కొరాపుట్ 13.80. అలాగే 0\.0,, అంటే కోట్లు. చార్టు పైన “లక్షల్లో” అని రాయడం మాత్రం మరవకండి. రాయకపోతే గంజాంలో ముప్ఫై అయిదుంపావు మందే ఉన్నట్టు. పవర్ బీఐలో అంకెల్ని కుదించే జాబితాలో వేలు, మిలియన్లు, బిలియన్లు, ట్రిలియన్లు కూడా ఉంటాయి గానీ లక్ష కనబడదు. లక్షతో భాగించిన ఇంకో మెజర్, అంటే లెక్కకట్టే సూత్రం, చేసుకుని, దాని పేరులోనే “లక్షల రూపాయలు” అని పెట్టేయడం సులువు. టాబ్లో అనే ఇంకో చార్టుల సాఫ్ట్‌వేర్‌లో అయితే ఫీల్డు మీద కుడి క్లిక్ కొట్టి డిఫాల్ట్ ప్రాపర్టీస్‌లో ఒక్కసారి మార్చండి, ప్రతి షీటులోనూ విడివిడిగా కష్టపడొద్దు.

ఫార్మాట్ అంకెకి వేసిన చొక్కా. లోపల మనిషి మారడు. మూడు సమాన వాటాలు చార్టు మీద 33, 33, 33 శాతం అని వస్తే బాబాయి గారు కూడతారు. కూడక మానరు. “99. ఆ ఒక్కటీ ఎవరు తినేసేరమ్మా?” కింద చిన్న అక్షరాల్లో “దగ్గరి పూర్ణాంకానికి సవరించినవి” అని ఒక ముక్క పడేస్తే గొడవ ఉండదు.

ఇప్పుడు పేర్లు. ఇది మన సరిహద్దు వాళ్ళకి ప్రత్యేకంగా పెట్టిన పరీక్ష. మీరున్న ఊరి పేరేమిటి? బరంపురం అన్నారు. వెనక ఎవరో బ్రహ్మపుర అన్నారు. ఇంగ్లిషులో రాసేవాళ్ళు బెర్హంపూర్ అంటారు. మొన్న ఒక ఫైల్లో మూడు పేర్లూ ఉన్నాయి. చార్టులో మూడు పట్టీలు లేచాయి, మూడూ పొట్టివే. వాటికన్నా పర్లాకిమిడి పట్టీ పొడుగ్గా నిలబడింది! దానికి ఇంకో పేరున్న సంగతి ఆ ఫైలు రాసినవాడికి తట్టలేదు, అదృష్టం. చార్టులోకి వెళ్ళి లేబులు దిద్దితే లాభం లేదు. పక్కన చిన్న పట్టిక చేసుకోండి: ఫైల్లో ఉన్న పేరు ఒక నిలువు వరస, చార్టులో కనబడాల్సిన పేరు ఇంకో వరస. ఒడియాలో చదివేవాళ్ళు కూడా ఉంటే మూడో వరసలో ఒడియా పేరు. ఎవరికి ఏ చార్టు పంపాలో ఆ వరస వాడుకోవచ్చు.

జిల్లా పేరు అంతకన్నా మోసం చేస్తుంది. 1992 అక్టోబర్ 2న గంజాంని చీల్చి గజపతి జిల్లా చేశారు. 1991 లెక్కల్లో గంజాం అంటే పర్లాకిమిడితో కలిపి. 2001లో గంజాం అంటే అది లేకుండా. మీరు “గంజాం” అని ఒకే గీత గీస్తే ఆ పదేళ్ళూ జనాభా పెరగడం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? అందరూ పనుల కోసం సూరత్ వెళ్ళిపోయారనుకుంటారు! మన దగ్గర అది నమ్మదగ్గ మాటే కూడాను, అందుకే ఎవరూ అడగరు. 1992 దగ్గర సన్నగా ఒక నిలువు గీత, దాని పక్కన “గజపతి విడిపోయింది” అని రెండు మాటలు. అంతే కావాలి.

తెలుగు లేబుళ్ళకి ఒత్తుల బాధ ఒకటుంది. ఇంగ్లిషు అక్షరాలకి సరిపోయే ఎత్తులో ఇచ్ఛాపురం అని రాస్తే కింద ఛ ఒత్తు తెగిపోతుంది. అక్షరం సైజు తగ్గించకండి, వరసకి చోటు పెంచండి. తెలుగు, ఒడియా ఒకే చార్టులో పడితే విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంటులో రెండు లిపులూ ఉన్నాయి, జత బాగుంటుంది. యూనికోడ్ అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల పద్ధతి. అది కాని పాత డీటీపీ (అచ్చుపని) ఫాంట్లలో కొట్టిన పేర్లు మాత్రం చార్టులో వాడొద్దు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలే వస్తాయి.

పేర్లు పొడుగైతే సాఫ్ట్‌వేర్ వాటిని ఏటవాలుగా తిప్పేస్తుంది. అప్పుడు పేర్లని కాదు, చార్టునే పడుకోబెట్టండి. అడ్డ పట్టీలు వేస్తే పేర్లు తిన్నగా ఉంటాయి. ఇదేం కొత్త ఫ్యాషన్ కాదు. 1786లో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన స్కాట్లండ్ ఎగుమతి దిగుమతులకి వేసిన పట్టీల చార్టులోనూ పట్టీలు పడుకునే ఉంటాయి, పక్కన దేశాల పేర్లు ఉంటాయి.

నెలల మాట చెప్పకపోతే మీరు ఇంటికెళ్ళి నన్ను తిడతారు. నెల పేర్లు తెలుగులో రాసి వదిలేస్తే వాటిని అక్షర క్రమంలో పేరుస్తుంది: అక్టోబర్, ఆగస్టు, ఏప్రిల్, జనవరి, జులై, జూన్... దసరా ముందొచ్చి ఉగాది తరవాతొస్తుంది. పక్కన ఒక అంకెల వరస పెట్టి, ఏప్రిల్‌కి 1, మార్చికి 12 ఇచ్చి, ఆ వరస ప్రకారం సర్దమనాలి.

రంగుల గురించి ఒక్క మాటే. మన రిపోర్టులు చివరికి జెరాక్స్ అవుతాయి. ఎరుపూ ఆకుపచ్చా రెండూ బూడిదే. పక్కన రంగుల పెట్టె పెట్టే బదులు పేరు గీత చివరే రాయండి.

పోయిన నెల చార్టు బాబాయి గారు గుక్క తిప్పుకోకుండా చదివారు. గుణుపురం ఇంత, రాయగడ ఇంత. నేను గర్వంగా నిలబడ్డాను. చివర్లో ఆగారు. “ఈ పార్టీకి సున్నా ఉంది. బాకీ కట్టేసేడేటి, లేపోతే లెక్కే రాలేదేటి?” నాకూ తెలీదు. ఫైలు తెరిచి చూస్తే ఆ గడి ఖాళీ. రాని లెక్కని నా చార్టు సున్నా చేసి చూపించింది. ఇప్పుడు ఫార్మాట్‌లో మూడో భాగం, అంటే సున్నాల వంతు, ఇలా రాస్తున్నాను: #,##0;-#,##0;"బాకీ లేదు". ఖాళీ గడికి ఇది అంటదు, దాని దగ్గర “లెక్క రాలేదు” అని చేత్తో రాస్తాను. గీతల చార్టు అయితే ఖాళీ గడుల సెట్టింగులో సున్నా తీసేసి గ్యాప్ పెడతాను.

మీ ముందున్న ఫైల్లో ఆరు పార్టీలున్నాయి. ఒకరికి మైనస్, ఇద్దరికి ఖాళీ, ఒకరికి రెండు పేర్లు. ఎవరికి ఏది ఉందో నేను చెప్పను. చార్టు వేసి పక్కవాళ్ళకిచ్చి పైకి చదివించండి. వడలు ఇంకా రాలేదు.