డిజిటల్ వెర్నియర్ 50.01 చూపించిందా? అయితే ఏంటి?

"అన్నా, డిజిటల్ వెర్నియర్ 0.01 దాకా చూపిస్తుంది కదా, మళ్లీ మైక్రోమీటర్ దేనికి?" లేత్ మీద షాఫ్ట్ చేసేవాళ్ల నోట ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వెర్నియర్ అంటే దవడల మధ్య పట్టి కొలిచేది, మైక్రోమీటర్ అంటే స్క్రూ తిప్పి కొలిచేది.

చూపిస్తుంది తమ్ముడూ. కూరగాయల కాటా కూడా గ్రాములు చూపిస్తుంది. దాని మీద బంగారం తూచి కొంటావా?

150 ఎంఎం డిజిటల్ వెర్నియర్ మంచి కంపెనీదే అయినా, అటూ ఇటూ 0.02 తేడా రావచ్చని డబ్బాలోని కాగితంలోనే ఉంటుంది. మనం చేసేది 6210 బేరింగ్ సీటు, అంటే 50 ఎంఎం రంధ్రం ఉన్న బేరింగ్ కూర్చునే షాఫ్ట్ భాగం. కె6 ఫిట్ అంటే, బేరింగ్ లూజు లేకుండా కూర్చోవాలంటే, షాఫ్ట్ 50.002కీ 50.018కీ మధ్య ఉండాలి. మనకిచ్చిన చోటే 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు), వెర్నియర్ తప్పు అంతకంటే పెద్దది!

(కెమెరా దగ్గరికి) ఇటు చూడండి. షాఫ్ట్‌ని దవడల కొసన పట్టాను, 50.01. బొటనవేలితో ఇంకాస్త నొక్కాను, 49.98. షాఫ్ట్ ఏమీ సన్నబడలేదు, దవడ వంగింది. స్కేలు పైన, జాబ్ (కొలిచే ముక్క) కింద ఉంటే ఇదే తంటా. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే 1890లోనే చెప్పాడు, రెండూ ఒకే గీత మీద ఉండాలని. మైక్రోమీటర్‌లో ఉన్నది అదే. పైగా రాచెట్ ఉంది, అంటే నొక్కుడు సరిపోగానే టకటకా జారిపోయే పిడి, ఎవరు తిప్పినా నొక్కుడు దాదాపు ఒకటే.

"మా మేస్త్రీ ముప్పై ఏళ్లు వెర్నియర్‌తోనే చేశాడు" అంటారా? చేశాడు, కాదనను. కానీ చివర్లో ఆయన బేరింగ్‌నే తెచ్చి షాఫ్ట్ మీద పెట్టి చూసేవాడు. ఆయన గేజ్ బేరింగే, వెర్నియర్ కాదు!

ఇక వేడి. కట్ అవగానే కొలవడమంటే తడి కొత్తిమీరని తూచినట్టే. అందులో నీళ్లూ తూకానికొస్తాయి. 50 ఎంఎం స్టీలు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు 17 మైక్రాన్లు లావెక్కుతుంది. వేడి మీద 50.010 అని మురిసిపోతే, చల్లారాక 49.993. బేరింగ్ లూజు. నేనూ ఇలాగే ఒక షాఫ్ట్ తుక్కు చేశాను, ఆకలి మీద ఉండి. షెడ్డులో ఎండ 42 ఉన్నా భయం లేదు, మైక్రోమీటరూ స్టీలే, రెండూ కలిసే పెరుగుతాయి. జాబ్ ఒక్కటే వేడిగా ఉంటేనే గొడవ.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. వ్యాసంలో ఇంకా 0.6 ఎంఎం కోయాల్సింది మిగిలుండగా ఆపండి, చల్లారనివ్వండి, మైక్రోతో కొలవండి. సగం తీయండి, మళ్లీ కొలవండి, అదే లోతుతో మిగతాది తీయండి. చివరికి 0.02 మాత్రం మిగల్చకండి, 0.4 నోస్ ఇన్సర్ట్ (కొస గుండ్రం 0.4 ఎంఎం ఉన్న కోత ముక్క) అంత సన్నగా కోయదు, రుద్దుతుంది. లేత్ డయల్ వ్యాసం చూపిస్తుందో, అందులో సగమో ముందే చూసుకోండి. ఎమరీ పేపర్‌తో సైజు తెచ్చేవాళ్లతో నా గొడవ వచ్చే వీడియోలో.