పెళ్లితో కాగితాల్లోంచి తప్పిపోయిన మనిషి

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ రాణుల పూర్వీకులు ఎవరో ఏ పుస్తకం తీసినా దొరుకుతుంది. నూలు మిల్లులో పనిచేసిన, పెద్దిళ్లలో అంట్లు తోమిన మామూలు ఆడమనిషి గురించి వంశవృక్షం కోసం వెతకాలంటేనే ఓపిక కావాలి. పెళ్లితో అక్కడా ఇంటిపేరు మారుతుంది, ఆచూకీ అక్కడే తెగిపోతుంది.

కాబట్టి ముందు పెళ్లి సర్టిఫికెట్ పట్టుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. సర్టిఫికెట్‌లో వధువు తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. కన్నతల్లి పేరు రాయడానికి చోటే ఉండేది కాదు. అది 2021 మేలో గానీ రాలేదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు కోపమొస్తుంది. 1837కు ముందైతే చర్చి రిజిస్టర్లే దిక్కు.

ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది 1911 జనాభా లెక్కల గురించి. అంతకుముందువాటిలో మనకు మిగిలినవి ఎన్యూమరేటర్లు, అంటే ఇంటింటికీ తిరిగి లెక్క సేకరించినవాళ్లు, ఎత్తిరాసుకున్న పుస్తకాలు. 1911వి మాత్రం ఇంటివాళ్లు స్వయంగా నింపిన ఫారాలు. పెళ్లయిన ఆడవాళ్ల గురించి అందులో కొత్త ప్రశ్నలు వేశారు: పెళ్లయి ఎన్నేళ్లు, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఉన్నవాళ్లెందరు, పోయినవాళ్లెందరు. వితంతువులు ఇవి నింపనక్కర్లేదు. అయినా చాలామంది నింపారు. తర్వాత ఆఫీసువాళ్లు వాటిని కొట్టేశారు. గీత కింద అంకెలు ఇప్పటికీ చదవొచ్చు. ఎవరూ అడక్కపోయినా ఆ తల్లులు తమ బిడ్డల లెక్క చెప్పుకున్నారు. ఇంతకన్నా విలువైన కాగితం నాకు తెలీదు.

తొమ్మిది మంది పుట్టారు, నలుగురు పోయారు అని ఉందనుకోండి. ఆ నలుగురి పేర్లు ఫారంలో ఉండవు, కానీ వెతకొచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌ల జనన మరణాల రికార్డులు ఉంచే జనరల్ రిజిస్టర్ ఆఫీసు వెబ్‌సైట్‌లో జననాల సూచిక ఉంది. 1837 నుంచి తల్లి పుట్టింటిపేరు కూడా అందులో ఇచ్చారు. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటిపేరు, జిల్లా వేసి, పెళ్లయిన ఏడాది నుంచి వరసగా చూడండి. మీకు తెలియని పేరు తగిలితే మరణాల సూచికలో వయసుతో సరిపోల్చండి. రెండు జనాభా లెక్కల మధ్య పుట్టి పోయిన పసిబిడ్డలు ఇలాగే దొరుకుతారు. స్మిత్, జోన్స్ లాంటి ఇంటిపేర్లయితే మాత్రం తొందరపడొద్దు. ఒకే జిల్లాలో అలాంటి జంటలు రెండు మూడు ఉండొచ్చు. సర్టిఫికెట్ తెప్పించి, చిరునామా, తండ్రి వృత్తి కలిశాకే ఆ బిడ్డ పేరు వంశవృక్షంలో రాయండి.