సభను కాపాడాలి, ఆపకూడదు

మిత్రులారా,

ఎన్నికల సభలో మైకు తీగలు పీకి, కుర్చీలు విసిరి, వక్తను మాట్లాడనివ్వకపోతే అది నేరం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తాను దూరంగా నిలబడి ఇతరులను ఉసిగొల్పినవాడూ తప్పించుకోలేడు. సభాధ్యక్షుడు కోరితే, అనుమానితుడి పేరు, చిరునామా అడిగే అధికారం పోలీసుకు ఉంది. చెప్పకపోతే వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు.

అయితే వక్తను నిలదీయడం నేరం కాదు. సభ సాగకుండా చేయాలనే ఉద్దేశంతో అల్లరికి దిగితేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది. 'మా ఊరికి నీళ్లేవి?' అని లేచి గట్టిగా అడిగిన రైతు మీద దీన్ని ప్రయోగిస్తే అది అన్యాయం. ఈ తేడా ప్రతి పోలీసు అధికారికీ తెలిసి ఉండాలి.

నా బాధ వేరే ఉంది. ఈ రక్షణ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన నాటి నుంచి పోలింగ్ వరకే, అదీ రాజకీయ సభలకే. మతపరమైన ఆరాధనకు భంగం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరశిక్షల చట్టం) 300వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంది. మరి భూనిర్వాసితుల సభకు? పుస్తకావిష్కరణకు? న్యాయ సంహితలో వాటికంటూ ప్రత్యేక సెక్షన్ లేదు. దాడి, బెదిరింపు, అక్రమ ప్రవేశం వంటి సాధారణ నేరాల కిందే కేసు పెట్టాలి.

ఇక్కడే పోలీసులు సులువైన దారి పడుతున్నారు. గొడవ చేస్తామన్నవారిని వదిలేసి, సభనే రద్దు చేసుకోమని నిర్వాహకులకు చెబుతున్నారు. 1882లో ఇంగ్లండులో సరిగ్గా ఇదే జరిగింది. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఊరేగింపులను ప్రత్యర్థి ముఠా అడ్డుకుంటుంటే, మేజిస్ట్రేట్లు ఊరేగింపు తీసినవారినే తప్పుపట్టారు. పైకోర్టు దాన్ని కొట్టేసింది. ఇతరులు చట్టవిరుద్ధంగా ప్రవర్తిస్తారన్న కారణంతో చట్టబద్ధమైన పని నేరమైపోదని తేల్చింది.

మనకు రాజ్యాంగంలోని 19(1)(బి) అధికరణం ఉంది. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు అది. శాంతిభద్రతల కోసం దానికి సహేతుకమైన పరిమితులు ఉండవచ్చు, కాదనను. కానీ భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 163వ సెక్షన్ కింద సభను నిషేధించాలంటే అధికారి కారణాలు చూపుతూ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. నోటిమాటతో రద్దు చేయమంటే ఒప్పుకోకండి. ఉత్తర్వు ప్రతి అడిగి తీసుకోండి, దానితో హైకోర్టుకు వెళ్లండి.