దుంగ సరిహద్దు దాటుతుంది, కేసు దాటదు

అందరికీ నమస్కారం.

అడవి నేరాల గురించి మాట్లాడమంటే పులి చర్మంతోనో ఏనుగు దంతంతోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఎర్రచందనంతో మొదలుపెడతాను. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మన తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, నల్లమలలో కొంత. దాని మీద మోజు మాత్రం దూరదేశాలది. చైనాలో ఖరీదైన ఫర్నిచర్‌కి, జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాయిద్యానికి ఈ చేవ కావాలి. పుట్టినచోట పెద్ద గిరాకీ లేదు కాబట్టి, దొంగ సరుకు ఏదో ఒక సరిహద్దు దాటితేనే డబ్బవుతుంది.

కొంత సరుకు రేవుల్లో వేరే పేరుతో కంటైనర్లలోకి ఎక్కుతుంది. కొంత లారీల్లో ఉత్తరాదికి చేరి, నేపాల్ మీదుగా టిబెట్ వైపు సాగుతుంది. భూటాన్, మయన్మార్ దారుల్లోనూ పట్టుబడింది. భారత్, నేపాల్ మధ్య సరిహద్దు 1,750 కిలోమీటర్ల పైమాటే. 1950 నాటి ఒప్పందం తర్వాత ఇరువైపుల జనం వీసా లేకుండా తిరుగుతున్నారు. అది మంచి ఏర్పాటు, దాన్ని మూసేయమని నేననను. లారీలో ఏముందో చూడటం వేరు, మనుషుల్ని ఆపడం వేరు.

అసలు చిక్కు దర్యాప్తులో ఉంది. కొండ దిగువన పట్టుబడితే కేసు కూలీ దగ్గర ఆగిపోతుంది. మహా అయితే డ్రైవరు, ముందు నడిచే పైలట్ కారు. అదే ముఠా సరుకు నేపాల్‌లో దొరికితే అది అక్కడి కేసు. రెండు ఫైళ్లూ ఒకదాని మొహం ఒకటి చూడవు. ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం పేరు సైటీస్. 1995 నుంచి ఎర్రచందనం దాని రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రంతోనే ఎగుమతి చేయాల్సిన జాబితాలో ఉంది. 2011 జనవరిలో భూటాన్‌లోని పారోలో ఎనిమిది దక్షిణాసియా దేశాలు కలిసి అడవి నేరాలను అరికట్టడానికి 'సావెన్' అనే నెట్‌వర్క్ పెట్టుకున్నాయి. వ్యవస్థీకృత నేరాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా ఉంది. గరిష్ఠ శిక్ష నాలుగేళ్లు, అంతకుమించి ఉంటే దాని లెక్కలో అది తీవ్ర నేరం. అంటే కాగితాలకు కొదవ లేదు. డబ్బు ఎవరి ఖాతాకు చేరిందో వెతికే పనే వెనకబడింది.

దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. మన పత్రికలు వాళ్లకు 'ఎర్రకూలీలు' అని పేరు పెట్టేశాయి. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. చెట్టు నరకడం నేరం, కాదనను. కానీ వేటు వేసిన చేతికీ, సరుకు అమ్ముకున్న చేతికీ మధ్య ఎంతమంది ఉన్నారో ఆ పేరులో కనిపించదు.

ఇక హక్కుల మాట. దొంగరవాణాను పసిగట్టేది ముందుగా కొండ కింద ఉండే యానాదులు, పశువుల కాపరులు, తేనె తీసేవాళ్లు. వాళ్లకు ఆ చెట్టు నిలబడి ఉంటే ఏమిటి లాభం? ప్రస్తుతానికి చెట్టు వాళ్లకు కూడు పెట్టేది నరికినప్పుడే, అది కూడా దొంగకూలి.

నేపాల్ 1993 అటవీ చట్టంతో వేరే దారి పట్టింది. భూమి రాజ్యానిదే, అడవి నిర్వహణ మాత్రం ఊళ్లోని వినియోగదారుల సంఘానిది. కలప, వంటచెరకు అమ్మగా వచ్చింది సంఘం నిధికి పోతుంది, అందులో కనీసం నాలుగో వంతు మళ్లీ అడవికే ఖర్చుపెట్టాలి. ఇప్పుడు అలాంటి సంఘాలు 22 వేలకు పైగా ఉన్నాయి. వాటిలోనూ పెత్తందార్లు ఉంటారు, పేదలకు వాటా దక్కని ఊళ్లున్నాయి. అయినా బోడి కొండలు మళ్లీ పచ్చబడ్డాయి.

మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. సామూహిక అటవీ వనరును, అంటే ఊరంతా కలిసి వాడుకునే అడవిని, కాపాడే హక్కు మూడో సెక్షన్‌లో, గ్రామసభ అధికారాలు ఐదో సెక్షన్‌లో స్పష్టంగా ఉన్నాయి. మన రాష్ట్రంలో కొన్నిచోట్ల ఆ పట్టాలు గ్రామసభకు కాక, అటవీశాఖ పెట్టిన వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు. చట్టం చెప్పింది అది కాదు.

"హక్కులిస్తే వాళ్లే అమ్మేసుకుంటారు" అని నాతో అధికారులు వాదిస్తారు. చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా, అంటే ఊరివాళ్లు సేకరించి అమ్ముకోగలదిగా ఒప్పుకుంది, కలపను ఒప్పుకోలేదు. కాబట్టి ఎర్రచందనం అమ్ముకునే హక్కు ఎవరూ అడగడం లేదు. పట్టుబడిన దుంగలను ప్రభుత్వమే అంతర్జాతీయ వేలంలో అమ్ముతోంది కదా, ఆ సొమ్ములో కాపలా కాసిన గ్రామసభకు వాటా ఇమ్మంటున్నాను. ఏ దుంగ ఏ బీటులో, అంటే ఒక్కో గార్డు కాపలా కాసే ఏ అడవి భాగంలో దొరికిందో అటవీశాఖ రికార్డుల్లో ఉంటుంది, ఆ బీటు ఏ ఊరి పొలిమేరదో గ్రామసభకు తెలుసు. ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇక ప్రశ్నలు అడగండి.