హాస్కెల్ ఫంక్షన్లు: టైప్ చదివితే సగం పని అయిపోయినట్టే

అందరికీ నమస్కారం. హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎన్ని రకాల ఫంక్షన్లు ఉన్నాయో, వాటిలో నాకు ఏది నచ్చిందో, ఏది ఇబ్బంది పెట్టిందో ఈ వీడియోలో చెప్తాను.

స్క్రీన్ మీద 'కలుపు' అనే ఫంక్షన్ చూడండి. దాని టైప్, అంటే ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే వరుస: ఇంట్ ఆరో ఇంట్ ఆరో ఇంట్. ఇంట్ అంటే పూర్ణసంఖ్య, ఆరో అంటే బాణం గుర్తు. రెండు సంఖ్యలు తీసుకుంటుందనిపిస్తుంది కదా? కానీ హాస్కెల్‌లో ఏ ఫంక్షన్ అయినా తీసుకునేది ఒక్క ఇన్‌పుటే. దీనికి 5 ఒక్కటే ఇవ్వొచ్చు. అది తప్పు కాదు, రెండో సంఖ్య కోసం ఎదురుచూసే కొత్త ఫంక్షన్ చేతికొస్తుంది. ఇదే కర్రీయింగ్. హాస్కెల్ కర్రీ అనే తర్కశాస్త్రవేత్త పేరులో సగం భాషకి, సగం ఈ పద్ధతికి పెట్టారు. ఆలోచన మాత్రం అంతకుముందే, 1924లో షోన్‌ఫింకెల్ రాసిన వ్యాసంలో ఉంది.

దీని ఉపయోగం మ్యాప్‌తో తెలుస్తుంది. మ్యాప్ అనేది హయ్యర్ ఆర్డర్ ఫంక్షన్, అంటే ఇంకో ఫంక్షన్‌నే ఇన్‌పుట్‌గా తీసుకుంటుంది. మ్యాప్‌కి 'కలుపు 5', పక్కన 1, 2, 3 ఉన్న లిస్ట్ ఇవ్వండి. 6, 7, 8 వస్తాయి. లూప్ రాయక్కర్లేదు. పేరు లేని ల్యాంబ్డా ఫంక్షన్లు కూడా ఇలాంటి చోటే పనికొస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది పాలీమార్ఫిక్ ఫంక్షన్లు, అంటే ఏ టైప్‌తో అయినా పనిచేసేవి. ఐడీ ఫంక్షన్ టైప్ చూడండి: ఎ ఆరో ఎ. ఇక్కడ ఎ అంటే ఏ టైప్ అయినా కావొచ్చు. లోపలికి వచ్చేది సంఖ్యో, అక్షరమో దానికి తెలియదు. మరి ఏం చేయగలదు? క్రాష్ అవ్వడం, ఆగకుండా తిరగడం పక్కన పెడితే, వచ్చినదాన్ని వచ్చినట్టే తిరిగి ఇవ్వాలి. కోడ్ తెరవకుండానే ఫంక్షన్ ఏం చేస్తుందో మనకి తెలిసిపోయింది! ఫైల్ చదవడం, స్క్రీన్ మీద రాయడం లాంటివి ఉంటే టైప్‌లో ఐఓ అని కనిపిస్తుంది.

ఇక నాకు కోపం తెప్పించింది హెడ్. లిస్ట్‌లో మొదటిది ఇస్తానని టైప్‌లో మాట ఇస్తుంది, ఖాళీ లిస్ట్ ఇస్తే క్రాష్ అవుతుంది. ఇలా కొన్ని ఇన్‌పుట్లకి జవాబు ఇవ్వలేనివాటిని పార్షియల్ ఫంక్షన్లు అంటారు. దీనివల్ల ఒక రాత్రంతా తప్పు వెతుక్కున్నాను. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ, 9.8 వెర్షన్ నుంచి హెడ్ వాడితే వార్నింగ్ ఇస్తోంది, మంచి మార్పు. మీరు దాని బదులు లిస్ట్‌టుమేబీ వాడండి. ఖాళీ అయితే 'ఏమీ లేదు' అని చెప్పే నథింగ్ వస్తుంది, ప్రోగ్రాం ఆగిపోదు.

ఇప్పుడే జీహెచ్‌సీఐ, అంటే హాస్కెల్ కోడ్‌ని అక్కడికక్కడే ప్రయత్నించే ప్రోగ్రాం తెరిచి, టైప్ చూపించే కోలన్ టి కొట్టి, పక్కన ఫోల్డ్ఆర్ అని ఇవ్వండి. వచ్చిన టైప్‌ని చూసి అది ఏం చేస్తుందో ఊహించి కామెంట్‌లో రాయండి.