బిల్లు ఎవరు కట్టాలి సరే, ఎప్పుడు కట్టాలి?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి కూడా వినిపిస్తోందనుకుంటాను.

వైద్యం ఖర్చు ఎవరు భరించాలి అన్న మాట ఎత్తగానే ఏ సభైనా రెండు ముక్కలవుతుంది. ప్రభుత్వమే భరించాలని ఒకరంటే, ఎవరి జబ్బు వాళ్లది, మధ్యలో నా డబ్బెందుకని ఇంకొకరు. నాకైతే ఈ "ఎవరు" అన్న ప్రశ్నే మనల్ని కాస్త పక్కదారి పట్టిస్తుందనిపిస్తుంది. ప్రభుత్వానికి వేరే జేబంటూ లేదు, అది మన పన్నే. ఇన్సూరెన్స్ వాళ్లిచ్చేది మనలాంటివాళ్లు కట్టిన ప్రీమియమే. ఎటు తిప్పి చూసినా కట్టేది మనమే. తేడా అంతా ఎప్పుడు కడుతున్నాం అన్న దగ్గరుంది. ఒంట్లో బాగుండి, నాలుగు రాళ్లు సంపాదిస్తున్నప్పుడు కొంచెం కొంచెంగా కడుతున్నామా, లేక మంచాన పడి, ఆదాయం ఆగిపోయిన రోజునే మొత్తం కక్కుతున్నామా?

"మాకా టెన్షన్ లేదు, మా కంపెనీ కడుతుంది" అనేవాళ్లు ఉంటారు. ఈ పద్ధతి అమెరికాలో ఎలా వేళ్లూనుకుందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1942లో, జీతాలు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదని అక్కడ కట్టడి పెట్టారు. జీతం పెంచలేని కంపెనీలు పనివాళ్లని ఆకట్టుకోవడానికి ఆరోగ్య బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి, తర్వాత 1954 చట్టం దానికి పన్ను మినహాయింపును ఖాయం చేసింది. యుద్ధంలో చేసుకున్న సర్దుబాటు అలా దేశానికే అలవాటైపోయింది. దీంతో ఉద్యోగం పోతే బీమా కూడా పోయే పరిస్థితి. జబ్బు వల్లే ఉద్యోగం పోయినవాడి సంగతి ఒక్కసారి ఆలోచించండి! పైగా కంపెనీ కట్టే వాటా ఆకాశంలోంచి ఊడిపడదు, చాలావరకు మనకి పెరగాల్సిన జీతంలోంచే పోతుందని ఎకానమిస్టులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

ముందే కొంత కొంత కట్టించుకోవడం కొత్త ఆలోచనేం కాదు. 1883లో జర్మనీలో అప్పటి ప్రభుత్వాధినేత బిస్మార్క్ తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ప్రకారం కార్మికుడు రెండు వంతులు, యజమాని ఒక వంతు కట్టేవాళ్లు. ఆయనకి జాలి పొంగుకొచ్చి కాదులెండి, కార్మికులు సోషలిస్టుల వైపు పోకుండా ఆపాలని.

ఇక అసలు పేచీ. "నాకు ఏ జబ్బూ లేదు, నేనెందుకు కట్టాలి?" న్యాయంగానే వినిపిస్తుంది. కానీ బాగున్నవాళ్లంతా తప్పుకుంటే మిగిలేది జబ్బుతో ఉన్నవాళ్లే, అప్పుడు ప్రీమియం పెరుగుతుంది, పెరిగిందని ఇంకొందరు తప్పుకుంటారు, మళ్లీ పెరుగుతుంది, చివరికి ఎవరికి బాగా అవసరమో వాళ్లకే అందకుండా పోతుంది. ఈ భయంతోనే అమెరికాలో 2010 చట్టం రెండు పనులు కలిపి చేసింది: పాత జబ్బు ఉందని బీమా నిరాకరించకూడదంది, బీమా తీసుకోనివాళ్లకి జరిమానా వేసింది. ఆ జరిమానా మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2012లో అది పన్ను లాంటిదేనని కోర్టు నిలబెట్టింది. 2019 నుంచి దాన్ని సున్నా చేసేశారు. మొత్తం కుప్పకూలుతుందని చాలామంది అనుకున్నారు, కూలలేదు. ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ మనుషుల్ని పట్టి ఉంచింది. బెదిరింపు కన్నా సాయమే ఎక్కువ పనిచేసిందని నా లెక్క.

ఉచితమైతే ఊరికే వాడేస్తారు కదా అంటారు. ఇందులో నిజముంది, దాచడం దేనికి. 1970లలో అమెరికాలోనే రాండ్ అనే సంస్థ కొన్ని వేల మందిని తీసుకుని, కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం చేసి, మిగతావాళ్లకి ఖర్చులో రకరకాల వాటాలు పెట్టి, ఏళ్ల తరబడి గమనించింది. చేతి నుంచి కట్టాల్సినవాళ్లు డాక్టర్ దగ్గరికి తక్కువగా వెళ్లారు. చాలామంది ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు కూడా. అయితే వాళ్లు అక్కర్లేని వైద్యంతో పాటు అక్కరున్నదీ మానేశారు, బీపీ ఉన్న పేదవాళ్లకి మాత్రం ఉచిత వైద్యం స్పష్టంగా మేలు చేసింది. కడుపులో నొప్పి గ్యాసో, ఇంకేదైనా పెద్ద సమస్యో డాక్టర్ చూస్తేగాని తెలీదు, మరి వెళ్లాలా వద్దా అన్నది పేషెంట్ ఎలా తేల్చుకుంటాడు?

అలాగని అంతా పన్నులతోనే నడిపితే చిక్కులుండవా? ఉంటాయి. బ్రిటన్‌లో 1948 జూలై 5న వైద్యం అందరికీ ఉచితమని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ మొదలైంది, మూడేళ్లు తిరక్కుండానే కళ్లజోళ్లకీ కట్టుడు పళ్లకీ చార్జీ పెట్టాల్సి వచ్చింది. ఆ వ్యవస్థని కట్టిన మంత్రి బెవన్ 1951లో అందుకు నిరసనగా రాజీనామా చేశాడు. ఇక అక్కడ ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. క్యూ కూడా ఒక రకం బిల్లే. డబ్బుతో కాకుండా నొప్పితో కడతాం, అంతే.

ఎవరు కట్టినా ఆ రేటు ఎవరు పెట్టారన్నది కూడా అడగాలి. స్ట్రెచర్ మీద పడుకున్నవాడు బేరమాడలేడు. జపాన్‌లో ఏ వైద్యానికి ఎంత తీసుకోవాలో ప్రభుత్వమే ఖరారు చేసి, మామూలుగా రెండేళ్లకోసారి సవరిస్తుంది, అక్కడ చాలామంది బిల్లులో 30 శాతం సొంతంగా కడతారు, అదీ ఒక పరిమితి వరకే. మరోపక్క అమెరికా తన జీడీపీలో ఇంచుమించు 17 శాతం వైద్యానికే పెడుతుంది, అయినా అక్కడి సగటు ఆయుష్షు మిగతా ధనిక దేశాల కన్నా తక్కువ.

నేను ఎటువైపో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆదాయాన్ని బట్టి, ముందుగా, అందరి దగ్గరా తీసుకోవాలి, ఆస్పత్రి గడప దగ్గర వీలైనంత తక్కువ అడగాలి.

ఇలా అన్నప్పుడల్లా తప్పకుండా ఒకరు లేచి, "మరి సిగరెట్లు తాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాడికి కూడా నేనే కట్టాలా?" అంటారు. ఇందాక చెప్పిన 2010 చట్టం పొగతాగేవాళ్ల దగ్గర ప్రీమియం 50 శాతం దాకా ఎక్కువ తీసుకోనిస్తుంది. నాకది అంతగా నచ్చదు, బీమా భారమై మానేస్తే వాడు చివరికి ఎమర్జెన్సీలోనే తేలతాడు. వాడి దగ్గర తీసుకోవాల్సిందే అంటారా, పెట్టె కొన్నప్పుడల్లా పన్ను రూపంలో తీసుకోండి. అప్పుడు వాడు నిలబడే ఉంటాడు, జేబులో డబ్బూ ఉంటుంది, మానేయడానికి టైమూ ఉంటుంది.

ఆ మూల చేయెత్తినవారు, అడగండి.