ముఖం చాటేసిన భావం

శ్రోతలకు నమస్కారం.

నాటకం చూసి వచ్చినా, సీరియల్ చూసినా మనం మెచ్చుకోలుగా అనే మాట ఒకటి ఉంది. "ఎంత బాగా ఏడ్చిందో!" కంటికి కడివెడుగా ఏడిస్తే గొప్ప నటి, పళ్లు పటపటా కొరికితే గొప్ప ప్రతినాయకుడు. మన హైదరాబాదు స్టూడియోలలో తయారయ్యే సీరియళ్లలో అత్తగారికి కోపం వస్తే కెమెరా ఆవిడ ముఖం మీదికి మూడుసార్లు దూకుతుంది, ఎక్కడ మనకు అర్థం కాకుండా పోతుందోనన్న బెంగతో. మనసులో ఉన్నదంతా ముఖంలో ఉంటుందని, దాన్ని ఉన్నదున్నట్టు దించడమే కళాకారుడి పని అని చాలామంది నమ్మకం. ఈ నమ్మకంతో నాకు పేచీ ఉంది. మనిషి మనసును గట్టిగా పట్టుకున్న శిల్పులు, చిత్రకారులు, నటులు చాలాసార్లు ముఖాన్ని దాచేశారు, వంచేశారు, ఒక్కోసారి అసలు పెట్టనే లేదు.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవారు గడియారం ముందు ఎలాగూ పోగవుతారు, గంట కొట్టే చిన్న బొమ్మ బయటికి వచ్చేదాకా కదలరు. ఆ తర్వాత ఎక్కువమంది ఆగేది ముసుగు వేసుకున్న రెబెక్కా దగ్గర. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్లినప్పుడు దీన్ని కొన్నారు. ఆ ముసుగు చూస్తే నీళ్లలో తడిసిన పలుచటి మస్లిన్ గుడ్డ అనిపిస్తుంది. కానీ అది రాయి, అందులోంచి ఏమీ కనిపించదు. ముక్కు, పెదవులు, గడ్డం ఉండవలసిన చోట మిట్టపల్లాలను మెత్తగా తేల్చి, వాటి మీదుగా మడతలను సన్నగా సాగదీశాడు శిల్పి. లోపల ఒక ముఖం ఉందని పూరించుకునేది మన కన్ను. పనితనం గురించి అందరూ చెబుతారు. ఆ అమ్మాయి ముసుగు ఎందుకు వేసుకుందో ఎవరూ అడగరు.

కథ బైబిల్లోది. ఇస్సాకును పెళ్లాడడానికి రెబెక్కా పుట్టిల్లు వదిలి ఒంటె మీద దూరదేశం వస్తుంది. పొలంలో ఎవరో ఎదురు నడిచి వస్తుంటే, ఆ మనిషి ఎవరని వెంట ఉన్న సేవకుణ్ణి అడుగుతుంది. ఆయనే నా యజమాని అంటాడతను. వెంటనే ముసుగు కప్పుకుంటుంది. అప్పటివరకు కంటపడని మనిషి, ఇకమీదట జీవితమంతా కళ్లెదుట ఉండబోయే మనిషి! జీలకర్రా బెల్లం పెట్టే ముందు అడ్డుతెర వెనక కూర్చున్న మన పెళ్లికూతురికి ఈ క్షణం గురించి వేరే చెప్పనక్కరలేదు. అందులో సిగ్గు ఎంత, భయం ఎంత, ఎలా ఉంటాడో చూద్దామన్న ఉబలాటం ఎంత? శిల్పి వీటిలో ఏ ఒక్కదాన్ని ముఖం మీద స్పష్టంగా చెక్కినా మిగిలినవి మనకు దక్కేవి కావు.

అదే మ్యూజియంలో ఒకే దుంగలో చెక్కిన రెండు బొమ్మలున్నాయి. జర్మన్ కవి గేథే నాటకం ఫౌస్ట్‌లోని పాత్రలవి. ముందువైపు మెఫిస్టోఫిలీస్ అనే దయ్యం, వెనకవైపు తల వంచుకున్న అమాయకురాలు మార్గరెట్టా. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. పనితనంలో వంక పెట్టలేం. కానీ పొగరు ఎలా ఉంటుందో, అణకువ ఎలా ఉంటుందో బొమ్మే విడమరచి చెప్పేస్తుంది, మనం చెయ్యవలసింది ఏమీ మిగలదు. నాకు రెబెక్కాయే ఎక్కువ ఇష్టం. కాదనేవారితో వాదనకు దిగను.

ముఖం దాచడం బెంజోనీ కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట తిమాంథీస్ అనే గ్రీకు చిత్రకారుడు ఇఫిజెనియా బలి ఘట్టాన్ని చిత్రించాడు. గ్రీకు పురాణంలో దేవతకు బలి ఇవ్వడానికి తండ్రే తెచ్చిన రాజకుమారి ఆమె. ఆ చిత్రం ఇప్పుడు లేదు, కానీ చూసినవారి మాటలను రోమన్ రచయితలు సిసెరో, ప్లీనీ మనదాకా తెచ్చారు. చుట్టూ ఉన్నవారి ముఖాల్లో దుఃఖం ఒకరిని మించి ఒకరికి పెరుగుతూ పోతుంది. కన్నతండ్రి అగమెమ్నన్ దగ్గరికి వచ్చేసరికి చిత్రకారుడు అతని ముఖాన్ని బట్టతో కప్పేశాడు. పాంపే నగరంలో ఒక ఇంటి గోడ మీద దొరికిన ఇదే ఘట్టం చిత్రంలోనూ తండ్రి ముసుగులోనే ఉన్నాడు.

దీనికి ఈ కాలపు మనస్తత్వ శాస్త్రం నుంచి ఊహించని సాక్ష్యం దొరికింది. 2012లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. టెన్నిస్ ఆటగాళ్లు పాయింటు గెలిచిన మరుక్షణం, ఓడిన మరుక్షణం తీసిన ఫొటోలను కొందరికి చూపించారు. ముఖం మాత్రమే చూపిస్తే గెలిచింది ఎవరో, ఓడింది ఎవరో వారు పోల్చుకోలేకపోయారు. తల తీసేసి ఒంటిని మాత్రమే చూపిస్తే ఇట్టే చెప్పేశారు. గెలిచినవాడి ముఖాన్ని ఓడినవాడి ఒంటికి అతికిస్తే, ఆ ముఖంలోనే ఓటమి కనిపించిందట! ముఖమూ ఒళ్లూ కలిపి చూసినప్పుడు మాత్రం, తాము ముఖం చూసే పోల్చుకున్నామని గట్టిగా నమ్మారు. భావం బాగా ముదిరినప్పుడు ముఖానికి భాష పోతుంది. అయినా మన గురి మాత్రం ముఖం మీది నుంచి కదలదు.

నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఈ సంగతిని వేరే దారిలో చెప్పాడు. వంటలో రకరకాల దినుసులు కలిసి ఒక రుచి వచ్చినట్టు విభావాలు, అనుభావాలు, వచ్చిపోయే సంచారి భావాలు కలిస్తే రసం పుడుతుందన్నాడు. విభావమంటే భావానికి కారణమైనది. మనిషి, చోటు, వెన్నెల, వాన ఏదైనా కావచ్చు. అనుభావమంటే భావం బయటపడే తీరు. ముఖకవళిక ఈ దినుసుల్లో ఒకటి మాత్రమే. ఆ తర్వాత ఎన్నో తరాలకు కశ్మీరంలో అభినవగుప్తుడు రసం పుట్టే చోటు చూసేవాడి మనసేనని తేల్చాడు.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూడండి. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. తెర మీదుగా ముందు దిగేది ఒక జడ. నగలతో బరువెక్కిన పొడవాటి జడ. ముఖం లేదు, మాట లేదు. ఆ జడను తెర మీద వేసిన ధీమాలోనే ఆవిడ అందం, అతిశయం, నాకు సాటి ఎవరన్న సవాలు అన్నీ ఉన్నాయి. ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవారు జడ కనిపించగానే సభలో పుట్టే కదలిక గురించి ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత ఎంత అభినయమైనా రానీ, కృష్ణుడికి ఉత్తరం రాసే చోట ఆవిడ బేల అయిపోవడం మనను కదిలించేది ముందు ఆ జడ చూసి ఉన్నాం కాబట్టే.

ఇక నేను ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టని ఒక ఉదాహరణ జర్మనీది. కేథే కోల్విట్జ్ చిత్రకారిణి, శిల్పి. చిన్న కొడుకు పీటర్ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి, 1914 అక్టోబరులో బెల్జియంలో చనిపోయాడు. ఆ కుర్రాడికి పద్ధెనిమిదేళ్లు. ఆమె వెంటనే స్మారకం తలపెట్టింది. మొదటి ఆలోచనలో మధ్యన కొడుకు పడుకుని ఉంటాడు, తల దగ్గర తండ్రి, కాళ్ల దగ్గర తల్లి. ఎంత చేసినా అది ఆమెకు కుదరలేదు. ఆపేసింది, ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. చివరికి కొడుకును పూర్తిగా తీసేసింది. 1932లో బెల్జియంలోని సైనికుల శ్మశానంలో నిలిపింది తల్లిదండ్రులను మాత్రమే. ఇద్దరూ మోకాళ్ల మీద ఉన్నారు. వేర్వేరు దిమ్మెల మీద, ఒకరినొకరు తాకకుండా. తండ్రి వెన్ను నిటారుగా ఉంది, చేతులు రెండూ చంకల కింద బిగించి తనను తానే పట్టుకున్నాడు, వదిలితే కూలిపోతాడేమో అన్నట్టు. తల్లి ముందుకు ఒరిగిపోయింది. ఆ ఇద్దరిలోనూ కోల్విట్జ్ దంపతుల పోలికలే ఉన్నాయి. ఎక్కడా కన్నీటి చుక్క చెక్కలేదు. ఆ తండ్రి చేతులు చూస్తే మన ఇళ్లలో మగవారు దుఃఖం వచ్చినప్పుడు ఎలా కూర్చుంటారో గుర్తుకొస్తుంది. గోడకు ఆనుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా.

మనిషి రూపమే లేకుండా దుఃఖానికి ఇల్లు కట్టినవారు కూడా మన ఊళ్లో ఉన్నారు. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో మొహర్రం సంతాపానికి కట్టిన బాదుషాహీ ఆషూర్‌ఖానా ఉంది, 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. ఆ రాజు దక్కనీలో మర్సియాలు, అంటే శోకగీతాలు కూడా రాశాడు. అక్కడ నిలబెట్టేవి ఆలంలు, అంటే లోహపు ధ్వజాలు. గోడల మీద పసుపు, నీలం, ఆకుపచ్చ పింగాణీ పలకల్లో తీర్చినదీ ఆలంల ఆకారమే. ఇమాం హుసేన్ ప్రాణాలర్పించిన కర్బలా కథ తెలిసినవారు ఆ లోహం ముందు నిలబడి గుండెలు బాదుకుంటారు. తెలియనివారికి అది అందమైన పనితనం. తేడా అంతా వెంట తెచ్చుకున్న కథలో ఉంది.

చివరగా మన రేడియో సంగతి. భావం లోలోపల నిజంగా కదిలితే తప్ప రానివంటూ భరతుడు ఎనిమిది సాత్త్విక భావాలు చెప్పాడు. కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, సొమ్మసిల్లడం. రేడియో నటులకు వీటిలో పూర్తిగా చేతికందేది గొంతు మారడం ఒక్కటే. వణుకైనా గొంతులోకి దిగితేనే వినబడుతుంది. కొత్తగా వచ్చిన నటులు మైకు ముందు ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తారు, వినేవారు రేడియో గొంతు తగ్గిస్తారు. అనుభవం ఉన్నవారు మామూలుగా మాట్లాడుతూ ఉంటారు. ఒక మాట దగ్గర, అది కూడా అంత ముఖ్యం కాని మాట దగ్గర, గొంతు కాస్త పట్టేస్తుంది. సర్దుకుని మళ్లీ మాట్లాడతారు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఎడిటింగ్ చేసే పిల్లలు ఆ అర సెకను ఖాళీని తప్పనుకుని కత్తిరించేస్తున్నారు. వారికి నాదొక విన్నపం. ఆ చోటు జోలికి వెళ్లకండి.

సెలవు. నమస్కారం.